నమూనా ఉప్పు

ఈ మధ్య మా బంధువుల పిల్ల ఒకతి నన్ను చూడటానికి వచ్చింది. కొత్తగా సర్కారు ఆసుపత్రిలో చేరిన డాక్టరు. మాటల మధ్యలో అడిగింది: "పెద్దమ్మా, అనుమానపు చావు కేసుల్లో పోస్టుమార్టం చేసి తీసిన భాగాలు ఉప్పునీళ్ల సీసాలో వేసి ల్యాబుకు పంపుతాం, సరే. దాంతోపాటు చిటికెడు ఉత్త ఉప్పు పొట్లం కట్టి, దానికో సీలు వేసి పంపమంటారేంటి? ల్యాబులో ఉప్పు కరువా?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న వేసినవాళ్ల మీద నేను ఇంతెత్తున ఎగిరేదాన్ని. పోలీసులు నాకు ఉప్పు డాక్టరమ్మ అని పేరు కూడా పెట్టుకున్నారు. నా వెనకాలే అనేవాళ్లు గానీ, నా చెవులు మంచివి. ఈసారి మాత్రం ఎగరలేదు. ఆ పొట్లం పేరెత్తితే నాకు ఒక మనిషి గుర్తొస్తుంది, ఆమె గుర్తొస్తే కోపం నిలవదు. పిల్లను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీకందరికీ కూడా చెబుతాను, వినండి. ఓపిక లేనివాళ్లు కాఫీ తాగి వెళ్లిపోవచ్చు.

నేను గుంటూరు వైపు నుంచి వచ్చి, గిద్దలూరుకు దగ్గరలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరేనాటికి ప్రకాశం జిల్లా ఇంకా కొత్తది. అంతకుముందు ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పెద్దాఫీసులో పని పడితే కొందరు అలవాటు కొద్దీ కర్నూలు బస్సే ఎక్కేవాళ్లు. "జిల్లా మారిందంటారు గానీ, ఎండను మాత్రం ఈడనే ఇడిసిపెట్టి పోయినారమ్మా కర్నూలోళ్లు" అనేవాడు మా కాంపౌండరు.

కాంపౌండరు బజారులో దుకాణాలున్న ఇంటి మనిషి, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. మిక్చరు పోస్తుంటే బంగారం తూస్తున్నాడేమో అనిపించేది. తిండి దగ్గర మహా పట్టింపు. ఇంటి నుంచి వచ్చిన క్యారియరు తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు, అందులోనూ కూర ముందురోజుదని అనుమానం వస్తే మూత పెట్టేసేవాడు. నేను కోప్పడితే "అట్లనే తల్లీ" అని తలూపి, తను చేసేదే చేసేవాడు. ఆయన లేకపోతే ఆ ఆసుపత్రి నడిచేది కాదు, నేనూ అక్కడ నిలిచేదాన్ని కాదు.

ఇక ఆయమ్మ. నలభై దాటిన బక్కపలచటి మనిషి. కొమరోలు వైపు పల్లె. భర్త పోయాక ఆయా ఉద్యోగంలో చేరి ఆసుపత్రి వెనకాల ఒక గదిలో ఉండేది. కష్టమైన కాన్పు వచ్చిందంటే, పక్కన ఆమె ఉంటే చాలు, నాకు సగం భయం పోయేది.

నేను చేరిన కొత్తలోనే ఒక సంగతి చూశాను. ఒక బాలింతకు ఆయమ్మ వేడివేడిగా జావ కాచి తెచ్చింది. బాలింత తల్లి మర్యాదగా గ్లాసు అందుకుంది. ఆయమ్మ అటు తిరగ్గానే కిటికీలోంచి పారబోసింది. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు పారబోశావు? అందులో ఏం పడింది?"

"తప్పుగా అనుకోవద్దు డాక్టరమ్మా. ఆయమ్మ మంచిదే. ఆ ఇంటోళ్ల చేతిది మాత్రం మేం తినం."

"ఏం, ఆ ఇంటికేం?"

ఆమె గొంతు తగ్గించింది. "విషం పెట్టినోళ్ల ఇల్లమ్మా అది."

తర్వాత కాంపౌండరు వివరం చెప్పాడు. విక్టోరియా రాణి కాలంలో, ఆయమ్మ తాతను కన్నతల్లి తన మొగుడికి సంగట్లో పాషాణం కలిపి పెట్టిందట. దొరలు విచారణ చేసి ఆమెను ద్వీపాంతరం పంపారు. తిరిగి రాలేదు. అప్పటికి ఆయమ్మ తాత చంకలో పిల్లవాడు. వాణ్ని అమ్మమ్మ పెంచింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో బయటివాళ్లు చెయ్యి కడగలేదు.

అదొక కట్టుబాటు లాగా నడిచింది. పెళ్లిళ్లకు ఆ ఇంటివాళ్లు బియ్యం, పప్పు పచ్చివే ఇచ్చేవాళ్లు, వేరేవాళ్లు వండేవాళ్లు. ఆసుపత్రిలో అందరం తలా ఒక వంట చేసుకొచ్చి కలిసి తిన్న రోజు ఆయమ్మ అరటిపళ్లు తెచ్చేది. తొక్క ఉంటుంది కాబట్టి వాటికి అభ్యంతరం లేదు. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పలేదు, ఆమెకే తెలుసు. పోనీ వంట చేతకాని మనిషా అంటే, మధ్యాహ్నం ఆమె గదిలో గోగాకు పప్పుకు, అదే మన గోంగూర పప్పుకు, తాలింపు పెడితే వార్డులో రోగులు గుటకలు మింగేవాళ్లు. మింగి, అటు తిరిగి పడుకునేవాళ్లు.

"పెండ్లికి పిలవకున్నా నాకేం బాధ లేదమ్మా" అందొకసారి నాతో. "సావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టియ్యరు గదా. ఇరుగుపొరుగు వండి తీస్కపోతారు. నేను తీస్కపోతే తలుపు కాడనే అడ్డం నిలబడతారు. ఏడుస్తా ఉండేవాళ్లు గూడా ఏడుపు ఆపి, వద్దు అంటారమ్మా. నేను సచ్చేలోపల ఆ ఒక్క బువ్వ ఎవరన్నా తింటే సాలు."

మర్నాడే ఆమె గదిలో కూర్చుని, కొర్రన్నం, గోగాకు పప్పు కడుపునిండా తిన్నాను. ఊరంతా చూడాలని తలుపు తెరిచిపెట్టి మరీ తిన్నాను. తిని, ఘనకార్యం చేసినట్టు కాంపౌండరు దగ్గరికి వెళ్లాను.

"చూశారా? నాకేమైంది?"

"మీకేమైతదమ్మా?" అన్నాడాయన. "మీ దగ్గర విరుగుడు ఇంజక్షన్లు ఉంటాయి గదా."

ఊరంతా అదే మాట. నా తిండి లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు ఉప్పు సంగతి. ఒక కేసులో సీసా, ఉప్పు పొట్లం సీళ్లు వేసి మా పోలీసు స్టేషను హెడ్డు కానిస్టేబులు చేతికిచ్చాను. భారీ మనిషి, మంచివాడు, నోరు ఖాళీగా ఉంటే ఆయనకు తోచదు. రైల్లో హైదరాబాదు వెళ్లొచ్చాడు. కొన్నాళ్లకు ల్యాబు నుంచి కాగితం వచ్చింది: నమూనా ఉప్పు అందలేదు. హెడ్డును పిలిపించాను.

"పొట్లం ఏమైంది?"

తల గోక్కున్నాడు. "దొనకొండ స్టేషన్లో జామకాయలు మంచిగా ఉంటే కొన్నానమ్మా. ఉత్తవి తినబుద్ధి గాలేదు."

"సీలు పగలగొట్టి తిన్నావా?"

"ఉప్పేగదమ్మా! కొంచెం కారం గూడా ఉంటే బాగుండె."

ఆ రోజు నేను వేసిన కేకలకు ఓపీలో కొన్ని జ్వరాలు మందు లేకుండానే తగ్గాయని కాంపౌండరు చాన్నాళ్లు చెప్పుకున్నాడు. "నువ్వు చావలేదు కాబట్టి ఉప్పు మంచిదేనని రాసి పంపనా?" అని అరిచాను. "రాయండమ్మా, సంతకం పెడతా" అన్నాడు మహానుభావుడు. చివరికి నవ్వు ఆపుకోలేక కూర్చోబెట్టి చెప్పాను. "సీసాలో విషం కనబడిందనుకో. అది చచ్చినవాడి కడుపులోదా, మనం పోసిన ఉప్పులోదా? ఎట్లా తెలుస్తుంది? ఉత్త ఉప్పును విడిగా పరీక్ష చేసి, అందులో ఏమీ లేదని తేలితేనే, సీసాలో విషం కడుపులోదని నమ్మాలి. పొట్లం లేకపోతే ఆ విషానికి ఊరూ పేరూ ఉండదు."

గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపింది. "అంటే ఉప్పుకు గూడా సాక్ష్యం కావాలన్నమాట" అంది.

"కావాలి. ఉప్పును కూడా ఊరికే నమ్మకూడదు" అన్నాను. అప్పటికి మా ఇద్దరికీ అంతకు మించిన ఆలోచన లేదు.

ఆ తర్వాత ఒక కేసులో సాక్ష్యం చెప్పడానికి మార్కాపురం కోర్టుకు వెళ్లాను. డాక్టర్లకు కోర్టులో సాక్ష్యం చెప్పడం కన్నా ఎదురుచూడటమే ఎక్కువ. అక్కడ ఒక గుమాస్తా ఉండేవాడు. పాత కాగితాలంటే పిచ్చి. జిల్లా విడిపోయినప్పుడు కర్నూలు నుంచి మూటలు కట్టి పంపిన మన తాలూకాల కాగితాలను తీరిక దొరికినప్పుడల్లా విప్పి చదువుకునేవాడు. ఆయన ఒక అచ్చు తీర్పు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీ ఆయమ్మ వాళ్ల ముసలమ్మది. ఇంటికిచ్చేది లేదు, ఈడనే చదువుకోండి" అన్నాడు.

వరండా బెంచీ మీద కూర్చుని చదివాను. కథ చిన్నదే. ఆమె చేలోకి సంగటి తీసుకెళ్లింది. మొగుడు తిన్నాడు. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు, పిక్కలు పట్టేశాయి. తెల్లారేలోగా పోయాడు. ముందురోజు మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నారని ఇద్దరు సాక్ష్యం చెప్పారు. శవాన్ని తాలూకా ఆసుపత్రికి తెచ్చి, కోసి, కడుపు భాగాలు కుండలో ఉప్పు వేసి మద్రాసు పంపారు. మద్రాసు పరీక్షలో తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్, కనబడింది. ఆమె దాన్ని ఎక్కడ కొన్నదో, ఎవరిచ్చారో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఆ కాలంలో జడ్జి దొర పక్కన ఈ ప్రాంతపు పెద్దలిద్దరిని కూర్చోబెట్టి అభిప్రాయం అడిగేవారు. వినాలని మాత్రం లేదు. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు: ఆ ఊళ్లో అప్పుడు గత్తర తిరుగుతోంది, వాంతులు విరేచనాలు అందరికీ అవుతున్నాయి, ఈమె నిర్దోషి. గత్తర అంటే కలరా. దొర ఒప్పుకోలేదు. శాస్త్రం చెప్పాక పల్లెటూరి పెద్దల మాటకు విలువ లేదని రాశాడు. తీర్పు వచ్చాక కర్నూల్లో వకీళ్లు కూడా రెండు పక్షాలుగా చీలి చాన్నాళ్లు వాదించుకున్నారట, గుమాస్తా చెప్పాడు. ముద్దాయి చెప్పిన మాట మాత్రం ఇంగ్లీషులో ఒకే వాక్యం. నేను పెట్టింది అన్నమే అని. ఆమె దాన్ని ఏ మాటల్లో చెప్పి ఉంటుందో నాకు తెలిసినట్టే అనిపించింది.

మళ్లీ వెనక్కి తిప్పి కుండ దగ్గర ఆగాను. "ఏ ఉప్పు?" అని పైకే అన్నాను. "ఎక్కడి ఉప్పు? నమూనా ఏది?" వరండాలో వాళ్లు నావైపు చూశారు. గుమాస్తా నవ్వాడు. "విక్టోరియా రాణి మీద కేకలేస్తే ఏం లాభం డాక్టరమ్మా? ఆమె జామకాయల్లోకి నంజుకోని ఉంటాది" అన్నాడు. హెడ్డు సంగతి మార్కాపురం దాకా పాకిందన్నమాట.

అక్కడితో ఆగిపోయింది. ఉప్పు ఎక్కడిదో తీర్పులో లేదు. ఉప్పులో ఏదో ఉండి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అంతమాత్రానికి ఆయమ్మకు ఏమని చెప్పను? నోరు మూసుకుని ఉండిపోయాను, అది నాకు చాలా కష్టమైన పని.

కొన్ని నెలలకు బేస్తవారిపేట నుంచి ఒక ముసలాయన ఓపీకి వచ్చాడు. ఎనభైకి దగ్గర. తెల్ల గడ్డం, ఇస్త్రీ చేసిన చొక్కా, దగ్గు. చెయ్యి పట్టుకుని నాడి చూడబోతే అరచెయ్యి గరుగ్గా తగిలింది. తిప్పి చూశాను. అరచేతుల నిండా గట్టి కాయలు. చొక్కా విప్పమంటే ఛాతీ మీద చినుకులు పడ్డట్టు నల్లమచ్చలు. పుస్తకంలో బొమ్మ చూసిందే తప్ప, అలాంటిది మనిషి మీద నేను చూడటం అదే మొదలు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పాషాణం ఒంట్లోకి పోతే వచ్చే గుర్తులవి.

"తాతా, ఈ చేతులకేమైంది?"

"ఇది ఇప్పటిది కాదు బేటీ. చిన్నప్పటి నుంచి మా అబ్బా, మా నాయన, తోళ్ల మండీలో ఉప్పు కలిపిన చేతులు ఇవి."

"ఉప్పుకు ఇలా కాయలు కాయవే."

"ఉత్త ఉప్పు అయితే కాయవు. గొర్రెతోలుకు, మేకతోలుకు పురుగు పట్టగూడదని దాంట్లో సంఖియా కలుపుతుంటిమి. మీరు తెల్ల పాషాణం అంటారు చూడు, అది. మద్రాసు పోయి, ఆడ నుంచి దొరల సీమకు ఓడెక్కే తోళ్లు గదా!" ముసలాయన కళ్లు మెరిశాయి. "నవ్వొద్దు డాక్టరమ్మా, మా ఉప్పు అట్లాంటిట్లాంటిది కాదు. సర్కారు సీలేసిన ఉప్పు!"

"సీలేమిటి తాతా?"

"గత్తర ఏడాది. నేను పుట్టకముందు మాట. బజారంతా మూత, జనం ఊర్లొదిలి పోయినారు. తాలూకా ఆసుపత్రి మా మండీకి ఆనుకోనే ఉండె. ఎవరో ఆడది మొగుణ్ని సంపిందంట, వాని కడుపు కోసి కుండలో పెట్టి మద్రాసు పంపాలంట. ఉప్పు ల్యా! దుకాణాలు ల్యా! బంట్రోతు ఉరుక్కుంట మా అబ్బా కాడికి వచ్చినాడు. మా అబ్బా రెండు దోసిళ్లు పోసి, తీస్కపో, సర్కారు పని అన్నాడు. సచ్చేదాకా చెప్పుకునేటోడు. దొర నా ఉప్పు తీసుకున్నాడు, మద్రాసు దాకా పోయింది నా ఉప్పు అని. మా ఇంట్లో పండగ వస్తే ఈ కథ చెప్పకుండా భోజనాల దస్తర్ఖాన్ గుడ్డ ఎత్తరు!"

నా వెనకాల ఆయమ్మ ట్రేతో నిలబడి ఉంది. సినిమాల్లో అయితే ట్రే కింద పడుతుంది. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"అమ్మా" అంది. "ఆ ఉప్పుకు పొట్లం కట్టినారా?"

"లేదు" అన్నాను. "కట్టలేదు."

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ముసలాయన ఆమె వంక, నా వంక చూశాడు. "ఏమైంది? నేనేమన్నా తప్పు మాట్లాడినానా?" అన్నాడు. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆ కథ వాళ్ల ఇంటి పండగ. కానీ గోడ దగ్గర కూర్చున్న మనిషికి అది అంటరాని బతుకు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తన అరచేతులు తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. మందు కూడా తీసుకోకుండా లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆయమ్మ నన్ను పట్టుకుంది. "ఆమె పెట్టలేదు గదమ్మా? ఆ ఒక్క ముక్క చెప్పు."

నాకు ఆ ముక్క చెప్పాలనే ఉంది. చెప్పలేకపోయాను. "పెట్టలేదని నేను ప్రమాణం చెయ్యలేనమ్మా. పెట్టిందని చెప్పిన సాక్షి ఆ కుండ ఒక్కటే. ఆ కుండలో వేసిన ఉప్పే విషం. కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదు. నేనైతే గత్తరే అంటాను. ఈ రోజుల్లో అయితే ఏ కోర్టూ ఆమెను శిక్షించదు."

"ఈ రోజుల్లో" అని ఆమె నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకునేదేముంది.

మర్నాడు కాంపౌండరును, హెడ్డును కూర్చోబెట్టి అంతా చెప్పాను. బల్ల మీద సీసా, ఉప్పు పెట్టి మరీ చెప్పాను. హెడ్డుకు చప్పున అర్థమైంది, నమూనా ఉప్పు విషయంలో ఆయనకు అనుభవం ఉంది కదా. "అయ్యో, ఎంత అన్యాయం జరిగిపోయింది" అన్నాడు. కాంపౌండరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అయితే ఇవాళ ఆయమ్మ వంట తింటారా?" అన్నాను.

హెడ్డు కాంపౌండరు వైపు చూశాడు. కాంపౌండరు అన్నాడు: "తప్పుగా అనుకోవద్దు తల్లీ. నా బుర్ర ఒప్పుకుంది. కడుపే ఒప్పుకోలే."

కోపం ఎంత వచ్చిందంటే ఆ వారం ఆయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి, "నమస్తే తల్లీ" అని, జవాబు లేకపోయినా నవ్వి, పని చేసుకునేవాడు. అలాంటి మనిషి మీద కోపం ఎన్నాళ్లు పెట్టుకుంటాం?

తర్వాతి వారం ఓపీ నిండా జనం ఉన్న వేళ ముసలాయన మళ్లీ వచ్చాడు. నా దగ్గరికి రాలేదు. తిన్నగా ఆయమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"బేటీ, ఆకలైతాంది. ఇంత బువ్వ పెట్టు."

ఆయమ్మ బిత్తరపోయింది. "నా చేతిదా? మీకు తెలిసే అడుగుతాండారా?"

"తెలిసే. ఒకరి ఉప్పు తిని వాళ్లకు ద్రోహం చెయ్యగూడదంటారు. మా ఉప్పు నీ ముసలమ్మకు ద్రోహం చేసింది. ఇప్పుడు నేను నీ ఉప్పు తినాల. గదిలో కాదు, ఈడ, అందరి ముందర."

వరండాలో పీట వేశారు. ఆయమ్మ కొర్రన్నం, గోగాకు పప్పు తెచ్చి పెట్టింది. జ్వరాలు, దగ్గులు అన్నీ మాని ఓపీ మొత్తం చుట్టూ మూగింది. హెడ్డు కూడా ఎక్కడి నుంచి వచ్చాడో వచ్చాడు. ముసలాయన బిస్మిల్లా అనుకుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. అందరూ ఆయన గొంతు వంకే చూస్తున్నారు. మింగాడు. మొహం కొంచెం చిట్లించాడు.

"బేటీ" అన్నాడు, "పప్పులో ఉప్పు తక్కువైంది."

ఆయమ్మ గదిలోకి పరిగెత్తింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్లాను. ఉప్పు కుండలో చెయ్యి పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కూర్చుని ఉంది. "ఇన్నేండ్లలో నా కూరకు వంక పెట్టినోళ్లు లేరమ్మా" అంది. "తింటే గదా వంక పెట్టేది!"

ముసలాయన ఉప్పు కలుపుకుని విస్తరి ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "ఇంటికి పోతే ఆడ సచ్చినాడంటారు. సాయంత్రం బస్సు దాకా ఈడనే కూచుంటా. నేను సావనని అందరూ చూడాల." నిజంగానే కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లు తొంగి చూసేవాళ్లు. ఆయన మధ్య మధ్యలో కళ్లు తెరిచి, "ఇంకా ఉండా" అనేవాడు. హెడ్డు ఇక ఆగలేక, గిన్నెలో మిగిలిన పప్పు రుచి చూశాడు. తర్వాత గిన్నె మొత్తం చూశాడు.

కాంపౌండరు మాత్రం ముట్టలేదు. మందుల గది కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఒక్క రోజుతో ఊరు మారిపోయిందని చెబితే అబద్ధం. కొందరు తిన్నారు, కొందరు ఇంకో సాకు వెతుక్కున్నారు. ఆయమ్మ సొంత పల్లెలో అయితే ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ముసలాయన మాత్రం మందుల కోసం వచ్చినప్పుడల్లా భోజనం చేసి, ఏదో ఒక వంక పెట్టే వెళ్లేవాడు. ఆమె కూడా ఆయన వంకల కోసం ఎదురుచూసేది.

ఆ వానాకాలం కాంపౌండరు తల్లి పోయింది. పండుముసలి. దినమంతా ఆ ఇంటి నిండా జనం. నేను వెళ్లి పలకరించాను. ఆయన ఎవరి చెయ్యో ఆసరాగా పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"తల్లీ, ఇంట్లో పొయ్యి ముట్టియ్యలే" అన్నాడు. "పిల్లోళ్లు ఆకలితో ఉండారు. ఆయమ్మను బువ్వ తెమ్మని చెప్తారా?"

"మీ కడుపు ఒప్పుకుంటుందా?" అన్నాను.

"మా అమ్మ పోయింది. ఇంక కడుపు మాట ఎవరు వింటారమ్మా?" అన్నాడాయన. "ఉప్పు మాత్రం సరిగ్గా చూసి వెయ్యమనండి."

నేను దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. ఆయమ్మ నన్ను రెండుసార్లు అడిగింది, ఎవరు చెప్పినారు, ఏమని చెప్పినారు అని. తర్వాత ఇంకేమీ అడగలేదు. అన్నం వార్చింది. పప్పు, చారు చేసింది. గంపలో గిన్నెలు సర్ది, పైన గుడ్డ కప్పి, నెత్తికెత్తుకోబోతూ ఆగింది. కొంగు ముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. దారంతో గట్టిగా కట్టి ఉంది. సీలు లేదు గానీ, ముడి మాత్రం మా ఆసుపత్రి పద్ధతిలోనే వేసింది.

"ఏంటిది?"

"ఉప్పమ్మా. వంటలో వేసిన ఉప్పే, అదే కుండలోది. నమూనా." నవ్వడానికి చూసింది. "రేపు ఎవరన్నా అడిగితే నీ దగ్గర ఉండాల గదా."

గంప నెత్తిన పెట్టుకుని బజారు నడిమధ్యలోంచి నడిచి వెళ్లింది. పక్క సందులోంచి దగ్గరి దారి ఉంది. ఆ దారిన పోలేదు. కాంపౌండరు వాకిట్లోనే ఎదురుగా నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర ఎవరో ఏదో అనబోతే చేత్తో ఆపి, తనే రెండు చేతులూ చాచి గంప దించుకున్నాడు. నేను దూరం నుంచే చూశాను. ఆమె లోపలికి వెళ్లింది.

నేను క్వార్టరుకు వచ్చి కంచంలో మజ్జిగన్నం పెట్టుకున్నాను. ఆ పొట్లం విప్పాను. నమూనా ఉప్పు తినకూడదని ఎంతమందిని తిట్టానో నాకే లెక్క లేదు. ఆ ఉప్పు మొత్తం అన్నంలో కలుపుకుని తిన్నాను.